రెండో తాళంచెవి

ముందే చెబుతున్నాను, నాది చెడ్డ ఉద్దేశం కాదు. ఇల్లు అద్దెకిచ్చి, నెలకోసారి వచ్చే అద్దె లెక్కపెట్టుకుని, కుళాయి కారుతోందని ఫోన్ చేస్తే ఎత్తకుండా దాక్కునే ఓనర్లని చాలామందిని చూశాను. నేను అలాంటివాణ్ణి కాదు. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషిని. మూడో అంతస్తులో బేరింగు అరిగితే కింద మెట్ల దగ్గర నిలబడి చెవితో చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి రిటైరయ్యాక కుర్చీలో కూర్చోమంటే కూర్చోగలనా, మీరే చెప్పండి. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే మా ఆవిడే అంది, "కాస్త ఆ ఫ్లాటు సంగతి చూసుకోండి" అని. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంత బాధపడిందో నాకు తెలియలేదు.

ఆ ఫ్లాటు ఆవిడది. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేసి కూడబెట్టినదంతా పెట్టి కొన్నది. రెండు గదులు, వంటిల్లు, బట్టలారేసుకునేంత బాల్కనీ, రెండో అంతస్తు. అద్దె నిలకడగా వస్తే ఉద్యోగం మానెయ్యాలని ఆవిడ ఆశ. లాండ్రీలో పని అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇస్త్రీ ప్రెస్సు ముందు నిలబడే ఉండాలి, కుడికాలితో పెడలు తొక్కుతూ ఉండాలి. "ఎవరైనా ఒకళ్ళు నిండా ఏడాది కదలకుండా ఉండనివ్వండి, ఆ రోజే లెటర్ రాసిచ్చేస్తాను" అనేది. పెద్ద కోరికేం కాదు కదా.

ఇల్లు అద్దెకివ్వడంలో మాకు గురువు మా వదిన, అంటే మా ఆవిడ అక్క. మూడిళ్ళు ఇరవై ఏళ్ళుగా అద్దెకిస్తోంది, ఒక్క రోజు కూడా కోర్టు మెట్లెక్కలేదు. ఫోన్‌లో చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. "ఇదిగో మరిదీ, రాసుకో. చుట్టాలకి ఇవ్వకు. కాగితం మీద సంతకాలు కాకుండా తాళం చేతికివ్వకు. వాళ్ళు దిగే ముందు ప్రతి గోడా, ప్రతి కుళాయీ ఫొటో తీసి ఇద్దరి దగ్గరా పెట్టుకోండి. రిపేరు ఉందని చెబితే ఆ రోజే జవాబివ్వు, బాగుచెయ్యడం రేపైనా ఫరవాలేదు. ఇక ఆ గడప తొక్కాలంటే ఒక రోజు ముందు చెప్పి తొక్కు."

అన్నీ రాసుకున్నాను. అన్నీ చేశాను కూడా. ఆ చివరిదొక్కటే నాకు ఎక్కలేదు. సొంత ఇంటికి వెళ్ళడానికి ముందు కబురు పంపడమేమిటి? పైగా నా దగ్గర రెండో తాళంచెవి ఉంది కదా.

మొదట దిగినవాడు ఒక అకౌంటెంటు. బ్రహ్మచారి, పద్ధతైన మనిషి. హాల్లో ఫ్యాను కొద్దిగా ఊగుతోందని ఒకసారి మాట వరసకి అన్నాడు. ఒక ఆదివారం తుండు కట్టుకుని స్నానాల గదిలోంచి బయటికొచ్చేసరికి నేను హాలు మధ్యలో నిచ్చెన మీద ఉన్నాను. "ఫ్యాను సరిచేస్తున్నా బాబూ, మీరు కానివ్వండి" అన్నాను. ఏడో నెలలో ఖాళీ చేశాడు. ఉద్యోగం మారిందన్నాడు, నేను నమ్మాను.

తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్ళు. రెండో నెలలోనే తలుపు తాళం కప్ప మార్పించేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఓనర్ దగ్గర ఒక తాళంచెవి ఉండి తీరాలని పేచీ పెట్టుకుని మరీ తీసుకున్నాను. నాలుగో నెల నిండకుండా వెళ్ళిపోయారు. మా ఆవిడ మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే డబ్బా సర్దుకుని లాండ్రీకి వెళ్ళింది. వదిన మాత్రం ఊరుకోలేదు. "జనం ఇల్లు చూసి దిగుతున్నారు, నిన్ను చూసి పారిపోతున్నారు మరిదీ" అని గాలి తీసేసింది.

మూడోసారి దిగినవాళ్ళు భార్యాభర్తలు. అతను బేకరీలో రొట్టెల మేస్త్రీ. రాత్రంతా పొయ్యి దగ్గర పనిచేసి, పొద్దున ఏడింటికి వచ్చి, ఎనిమిది నుంచి మూడు దాకా పడుకుంటాడు. ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. మా ఆవిడ ఆ అమ్మాయిని కళ్ళద్దాలమ్మాయి అనేది, ముద్దుగా. శుభ్రమైన మనుషులు, ఒకటో తారీకు దాటకుండా అద్దె, గోడకి మేకు కొట్టాలన్నా అడిగి కొట్టేవాళ్ళు. మా ఆవిడ వంటింటి క్యాలెండరు మీద నెలకో గీత గీయడం మొదలుపెట్టింది.

నేనూ నన్ను చాలా కట్టేసుకున్నాను, నిజం చెబుతున్నాను. నెలకి మూడు నాలుగు సార్ల కంటే వెళ్ళలేదు. వెళ్ళినా చెప్పులు బయట వదిలి, పిల్లిలా నడిచి, అతను పడుకున్న గది తలుపు దగ్గరికి వేసి, చప్పుడు కాకుండానే పని చేసుకునేవాణ్ణి. సుత్తి తలకి గుడ్డ కూడా చుట్టేవాణ్ణి. ఒకసారి బాత్రూము గడియ పడటం లేదని ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గడియ చూస్తే తలుపు వాలిందని తెలిసింది. తలుపు ఎత్తితే చట్రం ఉబ్బిందని తెలిసింది. చట్రం ఎందుకు ఉబ్బింది? షవరు నీళ్ళు అటు పడుతున్నాయి. ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు చూసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో! తలుపు వేలితో తోస్తే మూసుకునేది. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. నాకు గర్వంగా ఉండేది. నేను చేసిన పనంటే అలా ఉంటుంది, మళ్ళీ చెయ్యి పెట్టక్కర్లేదు అనుకున్నాను.

క్యాలెండరు మీద పది గీతలు పడ్డాయి.

పదకొండో నెలలో ఒక బుధవారం, పొద్దున పదకొండింటికి, ఆ ఫ్లాటు కిందింట్లో ఉండే హెడ్మిస్ట్రెస్ గారు ఫోన్ చేశారు. రిటైరై పదేళ్ళయినా గొంతులో బెత్తం అలాగే ఉంది. "మా వంటింటి కప్పు పెచ్చు ఊడి స్టవ్ మీద పడింది. నేను అక్కడ నిలబడి ఉంటే ఈపాటికి మీతో ఎవరు మాట్లాడేవారు? లిఫ్టులు బాగుచేసిన బుర్రకి పైన నీళ్ళు కారుతున్నాయని తట్టలేదా?"

పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాను. ఫోన్ చెయ్యాలని తోచలేదు, తలుపు కొట్టాలని కూడా తోచలేదు. రెండో తాళంచెవి పెట్టి తిప్పి తిన్నగా వంటింట్లోకి పోయాను. సింకు కింద చెక్క తలుపు తెరిచాను.

లోపల పెద్ద స్టీలు గిన్నె ఉంది, ముప్పాతిక నిండి ఉంది. పైపు జాయింటు చుట్టూ పాత తువ్వాలు చుట్టి పురికొసతో కట్టారు. అడుగు చెక్క నానిపోయి వేలు పెడితే దిగిపోయేలా ఉంది. తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. కళ్ళద్దాలమ్మాయి గుండ్రటి అక్షరాలు: 'పొద్దున ఏడు – నువ్వు. సాయంత్రం ఆరు – నేను. మర్చిపోకు.' కింద తారీకులు, ఒక్కోదాని పక్కన టిక్కు. లెక్కపెట్టాను. అరవై మూడు రోజులు.

"అంకుల్?"

వెనక్కి తిరిగితే రొట్టెల మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా, బనీనుతో. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రెండు నెలలా! రెండు నెలలు ఇంట్లో నీళ్ళు కారుతుంటే నోట్లో నాలుక లేదా మీకు? ఒక్క వాషరు మార్చే పని! కింద ముసలావిడ నెత్తిన కప్పు పడుంటే ఎవరయ్యా బాధ్యులు? ఇంత చదువుకుని, ఒక్క ఫోన్ చెయ్యడానికి చేతులు రాలేదా?"

అతను ఫోన్ తీసి భార్యకి చేశాడు. ఆ అమ్మాయి వచ్చేదాకా మేమిద్దరం ఆ గిన్నె చప్పుడు వింటూ నిలబడ్డాం. నేను కింద కూర్చుని స్పానరు తీశాను.

ఇరవై నిమిషాల్లో వచ్చింది, షాపు కోటు కూడా విప్పకుండా. నా చేతిలో స్పానరు చూసి, "అంకుల్, ముట్టుకోకండి" అంది.

"ఏంటమ్మా ముట్టుకోవద్దంటావ్, ఐదు నిమిషాల పని..."

"ముట్టుకోకండి. ప్లంబరుతో ఇప్పుడే దారిలో మాట్లాడాను, నాలుగింటికి వస్తాడు. మా డబ్బులతోనే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరొస్తారని."

నాకు ముందు అర్థం కాలేదు. అమ్మాయి ఆగలేదు.

"బాత్రూము గడియ అని ఒక్క మాట చెప్పాను. ఆరు రోజులు వచ్చారు మీరు. ఈయన రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడి వచ్చి పడుకునేవారు. మీరు చప్పుడు చెయ్యడం లేదనుకునేవారు. ఆ వారంలో ఈయనకి సరైన నిద్ర ఒక్క రోజు లేదు. ఆరో రోజు రాత్రి పని మధ్యలో కునుకు పట్టి చెయ్యి పొయ్యి తలుపుకి ఆన్చేశారు." భర్త కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం గులాబీరంగులో మెరుస్తోంది.

ఆ చేతికి కట్టు ఉన్నప్పుడు నేను చూశాను. ఆ ఏడో రోజు, తలుపు వేలితో తోయమన్నప్పుడు, అతను ఆ కట్టు ఉన్న చేత్తోనే తోశాడు. ఏమైందని అడగలేదు. తలుపు ఎలా మూసుకుంటోందో చూడమన్నాను.

"సింకు సంగతి చెబితే ఎన్ని రోజులో అని భయం వేసింది. ప్లంబరుని పిలిచినా మీకు తెలిసి వచ్చేస్తారనుకున్నాం" అంది. "కింద పెద్దావిడకి ఏమైనా అయ్యుంటే మాదే తప్పు. అది ఒప్పుకుంటాం. ఆవిడ కాళ్ళు పట్టుకుంటాం. కానీ మేము వేరే ఇల్లు చూసుకున్నాం అంకుల్. ఆదివారానికి వాళ్ళకి ఖాయం చెయ్యాలి."

స్పానరు సంచీలో పెట్టుకున్నాను. మెట్లు దిగుతుంటే హెడ్మిస్ట్రెస్ గారు తలుపు తీసి ఏదో అన్నారు. ఏమన్నారో వినలేదు.

ఇంటికొచ్చి కూర్చోలేకపోయాను. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. క్యాలెండరు మీద ఆ పది గీతలూ చూడలేక వెనక్కి తిప్పాను. మళ్ళీ ముందుకి తిప్పాను. ఐదున్నరకి మా ఆవిడ వచ్చింది. చెప్పులు విప్పుతూ గోడ పట్టుకుంది. రోజూ పట్టుకుంటుందా? నాకు గుర్తు లేదు. జరిగినదంతా చెప్పాను. మొదట కోపంగానే చెప్పాను. ఆ చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆ కోపం నిలవలేదు.

ఆవిడ వింది. తిట్టలేదు. కనీసం తిట్టి ఉంటే బాగుండేది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

"నువ్వు కూడా నా దగ్గర ఏమైనా దాచావా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడ బీరువా తెరిచి, చీరల మడతల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు చీటీ. మోకాలి ఎక్స్‌రే గురించి ఏదో రాసుంది, కింద గీత గీసి మరీ: నిలబడి చేసే పని వెంటనే మానాలి. తారీకు చూశాను. మూడు నెలల కిందటిది.

"మూడు నెలలా!" అన్నాను. పొద్దున ఆ వంటింట్లో కూడా ఇలాగే అరిచానని అప్పుడు గుర్తొచ్చింది.

"ప్రెస్సు సంగతి గుర్తుందా మీకు?" అంది మెల్లగా.

గుర్తుండకేం. రెండేళ్ళ కిందట లాండ్రీలో పెడలు బిగుసుకుపోతోందని ఒక్క మాట అంది. మర్నాడే సంచీ వేసుకుని వెళ్ళాను. సూపర్వైజరు లేని సమయం చూసి ప్రెస్సు విప్పేశాను. మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నం మూడయింది. దుప్పట్లు గుట్టలు పడ్డాయి, వార్డుల నుంచి మనుషులొచ్చి నిలబడ్డారు. అందరి ముందూ ఆ సూపర్వైజరు మా ఆవిణ్ణి నానా మాటలూ అన్నాడు. పెడలు మాత్రం వెన్నలా తొక్కుడు పడింది. దారి పొడుగునా ఆ పెడలు గురించే చెప్పాను నేను. ఆవిడ ఆ తర్వాత ఎప్పుడూ ఇది బాగాలేదు, అది నొప్పి అని అనలేదు. నేను అంతా బాగానే ఉందనుకున్నాను.

"ఏడాది నిండితే ఎలాగూ మానేస్తాను కదా అని ఓర్చుకున్నాను. ఈలోగా మీకెందుకు చెప్పడం అని" అంది.

ఆ రాత్రికి నిద్ర లేదు. గురువారం పొద్దున్నే వదినకి ఫోన్ చేశాను.

"ఏం చెయ్యమంటావ్ వదినా? చెప్పు, ఏదైనా చేస్తాను. వంటిల్లు మొత్తం కొత్తగా వేయించనా?"

"ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకపోతే ఆదివారానికి ఆ ఇల్లు ఖాయం చేసుకుని వెళ్ళిపోతారు!"

"నువ్వు చేస్తేనే వెళ్ళిపోతారయ్యా. విను. ప్లంబరుకి ఆ పిల్ల ఇచ్చింది తిరిగి ఇచ్చెయ్యి, అది ఓనరు ఖర్చు. కింద పెద్దావిడ కప్పుకి తాపీ మేస్త్రీని మాట్లాడు, నువ్వు తాపీ పట్టుకోకు. ఇక ముందు ఒక రోజు ముందు చెప్పకుండా అడుగు పెట్టబోమని కాగితం రాసి, మా చెల్లి చేత సంతకం పెట్టించు, ఇల్లు దానిది. ఆ రెండో తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టు." కాస్త ఆగి అంది, "నీకు ఇల్లివ్వడం వచ్చు మరిదీ. వదలడం రావట్లేదు."

ఫోన్ పెట్టేశాను, కోపంతోనే. తర్వాత మళ్ళీ చేసి, కాగితంలో ఏం రాయాలో అడిగి రాసుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మూడు దాటాక కళ్ళద్దాలమ్మాయికి ఫోన్ చేశాను. "శనివారం సాయంత్రం నాలుగింటికి ఒక్క ఐదు నిమిషాలు రావచ్చా అమ్మా? మీకు వీలైతేనే. గుమ్మం దగ్గరే మాట్లాడి వెళ్ళిపోతాను." నేను అలా అడగడం ఆ అమ్మాయి మొదటిసారి వినడం. "సరే అంకుల్" అంది.

శుక్రవారం ఎలా గడిచిందో అడక్కండి. రెండుసార్లు చెప్పులేసుకున్నాను, రెండుసార్లు విప్పాను. ప్లంబరు ఎలాంటి వాషరు వేశాడో, ఆ జాయింటుకి దారం చుట్టాడో లేదో, నానిన చెక్క అలాగే వదిలేశాడేమో. సంచీ తీసి పనిముట్లన్నీ నూనెతో తుడిచాను. మళ్ళీ తుడిచాను. మా ఆవిడ పనికి వెళ్తూ గుమ్మంలో ఆగి నావైపు చూసి వెళ్ళింది. ఆ నడక చూశాను. కుడికాలు కొద్దిగా ఈడుస్తోంది. ఎన్ని నెలలుగా ఈడుస్తోందో! దూరంగా ఎక్కడో లిఫ్టు అరిగితే వినగలిగే మనిషిని, నా ఇంట్లో ఈ అడుగుల చప్పుడు వినలేకపోయాను. చాలా సిగ్గేసింది.

శనివారం నాలుగింటికి సంచీ లేకుండా వెళ్ళాను. భుజం బోసిగా ఉంది. తలుపు కొట్టి రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను. ఇద్దరూ వచ్చారు. కాగితం ఇచ్చాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది, కింద మా ఆవిడ సంతకం చూసింది. ప్లంబరు డబ్బులున్న కవరు ఇచ్చాను. చివరికి జేబులోంచి తాళంచెవి తీశాను. పదేళ్ళు వాడిన వస్తువులా చేతికి అంటుకుపోయింది. అతని చేతిలో పెట్టాను, ఆ కాలిన చేతిలో.

"ఆ రోజు అడగాల్సింది నేను. కట్టు చూసి కూడా అడగలేదు. తప్పు నాది బాబూ" అన్నాను. ఇంతకంటే బాగా చెప్పాలని దారంతా అనుకున్నాను, అదే వచ్చింది.

"లోపలికి రండి అంకుల్" అన్నాడు అతను.

అప్పుడే వినిపించింది. లోపల వంటింట్లో, గిన్నెలో, టప్. కాస్త ఆగి మళ్ళీ టప్. ప్లంబరు వాషరు సరిగ్గా కూర్చోబెట్టలేదు. చప్పుడుని బట్టి తెలిసిపోయింది, సగం చుట్టు బిగిస్తే చాలు. నా వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

"వద్దు బాబూ. చెప్పింది ఐదు నిమిషాలే కదా. వెళ్ళొస్తాను" అని తిరిగాను. నాలుగు మెట్లు దిగాను. ఐదో మెట్టు మీద ఉండగా వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"అంకుల్... సింకు ఇంకా కారుతోంది."

మెట్ల రెయిలింగు పట్టుకుని ఆగాను. ఎలాగో వెనక్కి తిరగకుండా ఉండగలిగాను.

"మనిషిని పంపిస్తానమ్మా. ఎప్పుడు పంపమంటావ్?"

మొగుడూ పెళ్ళాలు ఏదో గుసగుసలాడుకున్నారు.

"సోమవారం పంపండి" అంది. "మూడు దాటాక."

సోమవారం. అంటే ఆదివారం తర్వాత. నేను సరేనని గబగబా దిగిపోయాను. కిందకొచ్చి గేటు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే హెడ్మిస్ట్రెస్ గారు కిటికీలోంచి, "మా కప్పుకి మేస్త్రీ ఎప్పుడొస్తాడు?" అని అడిగారు. "మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు మేడమ్" అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. సోమవారం అన్నారని చెప్పాను. తల ఊపింది. నవ్వబోయి ఆగి, కుడిమోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"ఏమండీ, చాలా నొప్పిగా ఉంది" అంది.

ఆ మాట ఆ నోట రెండేళ్ళ తర్వాత వింటున్నాను. లేచి పరుగెత్తబోయాను. వేడినీళ్ళు, పీట, ఆ మంచం ఎత్తు కూడా తగ్గించాలి, రెండు కోళ్ళు కోస్తే... గుమ్మం దగ్గర ఆగిపోయాను. వెనక్కొచ్చాను.

"ఏం చెయ్యమంటావ్?" అని అడిగాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"ఒక కాగితం, పెన్నూ ఇలా ఇవ్వండి. లెటర్ రాయాలి. ఏడాది దాకా ఆగలేను" అంది. "మీరు ఇక్కడ పక్కన కూర్చోండి. అంతే."

కాగితం, పెన్నూ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆవిడ రాయడం పూర్తయ్యేదాకా లేవలేదు.